గార్డు సరేనమ్మా, గురక సంగతేంటి?

ప్రశ్న: మా బాబుకి అయిదేళ్లు. ఆటిజం ఉందన్నారు, మాటలు ఇంకా రాలేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి తీసుకెళ్తున్నాం. రాత్రి నిద్రపట్టిన కాసేపటికే పళ్లు కొరుకుతాడు, పక్క గదిలోకి కరకరా వినబడుతుంది. కడుపులో పురుగులున్నాయని మా అత్తగారు మందు వేయించారు, తగ్గలేదు. పళ్లు అరిగిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఆన్‌లైన్‌లో పళ్లకి తొడిగే గార్డు చూశాను. కొనమంటారా డాక్టరు గారూ?
– ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: కొనకండమ్మా. అయిదేళ్లకి దవడ ఇంకా పెరుగుతూనే ఉంటుంది, ఈరోజు సరిపోయిన గార్డు కొన్నాళ్లకే బిగుతవుతుంది. నిద్రలో ఊడి గొంతుకి అడ్డం పడితే అసలుకే మోసం.

పురుగుల మాట శ్రీకాకుళంలో నా దగ్గరికి వచ్చే ప్రతి నాయనమ్మా అంటుంది. బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పకుండా వేయించండి, కానీ దాంతో పళ్లు కొరకడం ఆగుతుందని ఆశపడకండి. ఇది మామూలు పిల్లల్లోనూ ఉంటుంది. ఆటిజం, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేని సమస్య), డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో మరికాస్త ఎక్కువ. గాఢనిద్ర మధ్యలో తేలికపడినప్పుడు దవడ కండరాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. బాబు కావాలని చేసేది కాదు. లేపి కసిరితే ఉన్న నిద్ర కాస్తా పోతుంది.

మీ ఉత్తరంలో నేను వెతికింది ఒక్కటే, అది కనబడలేదు. బాబు గురక పెడతాడా? నోరు తెరుచుకుని పడుకుంటాడా? ముక్కు వెనక అడినాయిడ్లు, గొంతులో టాన్సిల్స్ పెరిగి గాలి సరిగా ఆడకపోతే నిద్ర మాటిమాటికీ తెగుతుంది, దాంతోపాటే పళ్లు కొరకడమూ ఉంటుంది. రెండు మూడు రాత్రులు ఫోన్‌లో వీడియో తీయండి, ముఖమూ ఛాతీ రెండూ కనబడాలి. ఊపిరి కాసేపు ఆగి, ఒక్కసారిగా ఎగపీలుస్తున్నట్టుంటే నాలాంటి పళ్ల డాక్టరు కాదు, చెవి ముక్కు గొంతు డాక్టరు కావాలి. ఆ వీడియోనే చూపించండి.

మొండితనానికో, కుదురు లేకపోవడానికో కొత్తగా మందులేమైనా మొదలుపెట్టారా? కొన్నిటివల్ల ఇది పెరగవచ్చు. రాసిచ్చిన డాక్టరుకే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. పడుకునేముందు సెల్‌ఫోన్ మాత్రం ఈరోజే ఆపేయొచ్చు.

పాలపళ్లు కాస్త అరిగితే భయపడక్కర్లేదు, ఎలాగూ ఊడేవే. పెద్దవుతున్నకొద్దీ చాలామందికి ఈ అలవాటు తగ్గిపోతుంది. నా బెంగ నొప్పి గురించి. మాట రాని పిల్లాడు పన్ను పుచ్చినా, చెవి పోటు పెట్టినా చెప్పలేడు. ఇష్టంగా తినే జంతికలు ఉన్నట్టుండి తోసేసినా, ఒకవైపే నములుతున్నా, చన్నీళ్లకి మొహం తిప్పుకున్నా, బుగ్గ మీద కొట్టుకుంటున్నా ఆలస్యం చెయ్యకండి. డెంటల్ క్లినిక్‌కి సాయంత్రం రద్దీలో వద్దు, తెరవగానే మొదటి టోకెన్ అడిగి తీసుకోండి. మిషన్ చప్పుళ్లకి బెదిరిపోతాడేమో కూడా ముందే ఫోన్‌లో చెప్పండి. మొదటిరోజు కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే చాలు, మిగతాది రెండోసారి చూసుకోవచ్చు.