జాబులూ జవాబులూ: ఎమ్మెల్యే పదవి గురించి

గత సంచికలో ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పాత శాసనసభ్యుల మీద వచ్చిన వ్యాసానికి స్పందించి పలువురు పాఠకులు జాబులు రాశారు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. రాజకీయ పార్టీల మంచిచెడ్డలను అడిగిన జాబులను పక్కన పెట్టి, పదవికీ దాని పనికీ సంబంధించినవే తీసుకున్నాము.

ప్రశ్న: నకిరేకల్ నుంచి నర్రా రాఘవరెడ్డి గారు ఆరుసార్లు గెలిచారని మా నాయన చెప్పేవారు. ఆయన ఒక్కసారి కూడా మంత్రి కాలేదు కదా. మంత్రి కాని ఎమ్మెల్యే అన్నేళ్లు సభలో కూర్చుని చేసే పని ఏమిటి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నకిరేకల్

జవాబు: మీ నాయనగారి లెక్క సరైనదే. రాఘవరెడ్డి 1967లో మొదటిసారి గెలిచారు, 1972లో ఓడిపోయారు, ఆ తరువాత 1978, 1983, 1985, 1989, 1994 ఎన్నికలలో వరుసగా ఐదుసార్లు గెలిచారు. చిట్యాల ప్రాంతంలో ఊరి సర్పంచిగా మొదలైన మనిషి, గొల్ల సుద్దులు చెప్పి సభలకు వచ్చిన జనాన్ని కదలకుండా కూర్చోబెట్టగలిగిన కళాకారుడు, మార్క్సిస్టు పార్టీ శాసనసభా పక్షానికి నాయకుడు. ఆయన పార్టీ కొన్నిసార్లు అధికార పక్షానికి మిత్రపక్షంగా ఉన్నదే కాని ప్రభుత్వంలో చేరలేదు. 2015లో ఆయన కన్నుమూశారు.

ఇక మీరు అడిగిన అసలు సంగతి. రాజ్యాంగం ప్రకారం మంత్రిమండలి శాసనసభకు జవాబుదారీగా ఉంటుంది. అంటే మంత్రి కాని సభ్యుడు ఖాళీగా ఉన్నవాడు కాడు, జవాబు అడిగే అధికారం ఉన్నవాడు. సభ్యుడు నక్షత్ర గుర్తు వేసి ప్రశ్న పంపితే సంబంధిత మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేసే వీలు ఇతర సభ్యులకూ ఉంటుంది. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది. ఈ రెండో రకానికి పత్రికలలో పేరు రాదు కాబట్టి చాలామంది సభ్యులు దానిని చిన్నచూపు చూస్తారు కాని, ఫలానా చెరువుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, పని ఎక్కడ ఆగింది అన్న వివరం మంత్రి సంతకంతో కాగితం మీదకు రావడానికి అంతకన్నా సులువైన దారి లేదు. బడ్జెట్ పద్దుల మీద కోత తీర్మానం ఇంకొక సాధనం. ఫలానా శాఖ పద్దులో వంద రూపాయలు తగ్గించాలని సభ్యుడు ప్రతిపాదిస్తాడు. ఆ వంద రూపాయల కోసం కాదు, ఆ వంక మీద తన నియోజకవర్గపు గోడు మొత్తం సభ ముందు పెట్టడానికి. ఇవి కాక కమిటీలు ఉన్నాయి. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ ఇచ్చే నివేదికలను పరిశీలించే ప్రజాపద్దుల కమిటీకి ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుడిగా పెట్టడం ఆనవాయితీ. కమిటీ గదిలో కార్యదర్శి స్థాయి అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి లెక్క అడిగే సభ్యుడు, సభలో మైకు ముందు గొంతు చించుకునే సభ్యుడి కన్నా ఎక్కువ పని చేస్తాడని నేను అనుకుంటాను. అయితే కమిటీ గదిలోకి కెమెరా రాదు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఓటు కల్వకుర్తిలో ఉంది. వచ్చే ఎన్నికలలో అచ్చంపేట నుంచి స్వతంత్రంగా పోటీ చేయవచ్చా? ఎంత ఖర్చవుతుంది?
— ఒక డిగ్రీ విద్యార్థి, కల్వకుర్తి

జవాబు: ఓటు కల్వకుర్తిలో ఉండటం అడ్డు కాదు. తెలంగాణలో ఏ నియోజకవర్గంలో ఓటరైనా మరో నియోజకవర్గం నుంచి నిలబడవచ్చు. అయితే అచ్చంపేట షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన స్థానం, కాబట్టి మీరు ఆ వర్గానికి చెందినవారై ఉండాలి. నామినేషన్లు పరిశీలించే రోజుకు మీకు 25 ఏళ్లు నిండి ఉండాలి. అదే శాసనమండలికైతే 30.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి మాత్రం అదే నియోజకవర్గపు ఓటర్లు పదిమంది సంతకం చేయాలి. ధరావతు (డిపాజిట్) 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలతో ప్రమాణపత్రం ఇవ్వాలి. అభ్యర్థి ఖర్చుకు 2022 నుంచి ఉన్న పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజులలో లెక్క అప్పగించకపోతే మూడేళ్ల దాకా అనర్హత పడవచ్చు. ఓడిపోయినవారు ఈ చివరి మాటను మరిచిపోతుంటారు.

ఈ ధరావతు కథలో మన నల్లగొండకూ పాత్ర ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికలలో ఫ్లోరైడ్ నీటి గోడు దేశానికి వినిపించాలని జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేయగా 480 మంది అభ్యర్థులు బరిలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. చివరికి గెలిచినవారు కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేట, నకిరేకల్, నల్లగొండ మూడింటి నుంచీ వేరువేరు ఎన్నికలలో శాసనసభకు వెళ్లి వచ్చిన మనిషి ఆయన. అదే ఏడాది తమిళనాడులోని మొదకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. ఆ సంవత్సరమే చట్టం సవరించి అసెంబ్లీ ధరావతును 250 నుంచి 5,000కు, లోక్‌సభ ధరావతును 500 నుంచి 10,000కు పెంచారు. నీళ్లు అడిగిన జనానికి ఢిల్లీ నుంచి ముందుగా వచ్చినది ధరావతు పెంపు.

ప్రశ్న: ఎన్.టి. రామారావు గారు మా కల్వకుర్తిలో ఓడిపోయినా ఎమ్మెల్యేగానే ఉన్నారట. ఎలా?
— ఒక గృహిణి, వెల్దండ

జవాబు: 1989లో ఆయన హిందూపురం, కల్వకుర్తి రెండింటిలోనూ పోటీ చేశారు. కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయినా హిందూపురంలో గెలిచారు. అంతకుముందు 1985లో గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడుచోట్లా నిలబడి మూడింటా గెలిచి హిందూపురాన్ని ఉంచుకున్నారు. నల్లగొండలో ఉప ఎన్నిక జరిగింది. ఇప్పుడు మూడుచోట్ల నిలబడటం కుదరదు. 1996 సవరణ తరువాత గరిష్ఠంగా రెండే.

ప్రశ్న: మా తండాకు తారు రోడ్డు కావాలని ఎమ్మెల్యే గారికి రెండేళ్లుగా దరఖాస్తులు ఇస్తున్నాము. నిధులు లేవంటారు. మరి ఎమ్మెల్యే నిధులంటే ఏమిటి? ఆయన చేతిలో ఉన్నదేమిటి?
— ఒక స్వయం సహాయక సంఘం సభ్యురాలు, మర్రిగూడ మండలం

జవాబు: అమ్మా, మీ ప్రశ్న వంటివే ఈసారి అన్నింటికన్నా ఎక్కువగా వచ్చాయి. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

నియోజకవర్గ అభివృద్ధి నిధి తెలంగాణలో 2021 నుంచి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. ఈ డబ్బు ఎమ్మెల్యే చేతికి రాదు. ఆయన పనిని సిఫారసు చేస్తాడు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది, ఇంజినీరింగ్ విభాగం అంచనా వేసి పని చేయిస్తుంది. 5 కోట్లు వినడానికి పెద్ద మొత్తమే. కాని ఒక నియోజకవర్గంలో 150 గ్రామ పంచాయతీలు ఉన్నాయనుకుంటే ఒక్కొక్కదానికి 3 లక్షల 33 వేలు. దానితో తండాకు తారు రోడ్డు పడదు, మహా అయితే ఒక వీధిలో సిమెంటు రోడ్డు ముక్క పడుతుంది. కనుక నిధులు లేవన్న మాట అబద్ధం కాకపోవచ్చు, కాని అది పూర్తి జవాబూ కాదు. రోడ్డుకు డబ్బు రావలసినది ఆ నిధి నుంచి కాదు, శాఖ బడ్జెట్ నుంచి. అక్కడ పేరు ఎక్కించడమే ఎమ్మెల్యే చేయగల పని.

దీనికి ముందు మీరు తెలుసుకోవలసినది, ఆ దారి ఏ శాఖ కిందకు వస్తుందన్నది. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. మా ఊరి వాగు మీద వంతెన కోసం మేము ముగ్గురు నలుగురం కలిసి ఒక ప్రజాప్రతినిధి ఇంటికి మూడుసార్లు వెళ్లి దరఖాస్తు ఇచ్చాము. మూడోసారి దానిని తీసుకున్న సహాయకుడికి మొదటి రెండు ఎక్కడ ఉన్నాయో తెలియదు. నాలుగో ఏట మండల కార్యాలయంలో ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్ చెబితే తెలిసింది, ఆ రోడ్డు పంచాయతీరాజ్‌ది కాదు, ఆర్ అండ్ బి (రోడ్లు, భవనాల శాఖ) వారిదని. మేమూ చూసుకోలేదు, దరఖాస్తు మీద సంతకం చేసి పంచాయతీరాజ్ ఇంజినీరుకు పంపిన ఆయనా చూసుకోలేదు.

కాబట్టి ముందుగా మీ మండల ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) కలిసి దారి ఎవరిదో, ఎన్ని కిలోమీటర్లో, ఇంతకుముందు అంచనా వేశారో లేదో అడగండి. అంచనా ఉంటే దాని నకలు జతచేసి ఎమ్మెల్యేకు ఇవ్వండి. పరిపాలనా అనుమతి కోసం మంత్రికి లేఖ రాయమనండి, ఆ లేఖ నకలు మీరు అడిగి తీసుకోండి. లేఖకు కదలిక లేకపోతే సభలో గుర్తు లేని ప్రశ్న వేయమనండి. ఇది ఆయనకు రూపాయి ఖర్చు లేని పని. ఏ ఎమ్మెల్యేకైనా ఉదయం ఏడింటికి ఇంటి ముందు చేరే జనంలో పింఛను, ఆసుపత్రి బిల్లు, పోలీసు స్టేషను, పెళ్లి పిలుపు అన్నీ ఉంటాయి. వాటి మధ్య వట్టి దరఖాస్తు నలిగిపోతుంది, అంచనా నంబరు ఉన్న కాగితం నిలబడుతుంది.

ప్రశ్న: ఎమ్మెల్యే జీతం ఎంత? ఎవరు నిర్ణయిస్తారు?
— ఒక చేనేత కార్మికుడు, పోచంపల్లి

జవాబు: 2016లో చేసిన సవరణతో జీతభత్యాలు కలిపి నెలకు 95 వేల నుంచి రెండున్నర లక్షలకు పెరిగాయి. అందులో జీతం 20 వేలే, మిగిలినది నియోజకవర్గ భత్యం. నిర్ణయించేది శాసనసభే, అంటే తీసుకునేవారే. మాజీ సభ్యులకు పింఛను వేరుగా ఉంటుంది.

ప్రశ్న: ఒక గుర్తు మీద గెలిచి మరో కండువా కప్పుకుంటే పదవి ఎందుకు పోదు?
— ఒక ఎరువుల దుకాణం యజమాని, గద్వాల

జవాబు: పోవాలనే 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేర్చారు. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నా, ఓటుపై పార్టీ ఇచ్చే ఆదేశమైన విప్‌ను ధిక్కరించి ఓటు వేసినా అనర్హత వర్తిస్తుంది. మొదట్లో మూడో వంతు మంది చీలితే మినహాయింపు ఉండేది, 2003 సవరణ దానిని తీసేసింది. మూడింట రెండు వంతుల మంది ఒప్పుకొని మరో పార్టీలో విలీనమైతే మాత్రం ఇప్పటికీ మినహాయింపు ఉంది.

ఈ లెక్క ఎంత సూక్ష్మంగా నడుస్తుందో 2019లో మన జిల్లా సాక్షిగా చూశాము. తెలంగాణ శాసనసభలో కాంగ్రెస్‌కు 19 మంది ఉండేవారు. హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచి అసెంబ్లీకి రాజీనామా చేయగానే ఆ సంఖ్య 18కి దిగింది. పద్దెనిమిదిలో మూడింట రెండు వంతులు సరిగ్గా పన్నెండు. ఆ జూన్‌లోనే 12 మంది అధికార పక్షంలో విలీనమయ్యారు. పంతొమ్మిది మందే ఉండి ఉంటే పదమూడో సంతకం కావలసి వచ్చేది.

అనర్హతపై తీర్పు చెప్పేది స్పీకరు. ఎన్ని రోజులలో చెప్పాలో షెడ్యూలులో రాయలేదు. అసలు బలహీనత అక్కడే ఉంది. తెలంగాణకు చెందిన పదిమంది ఎమ్మెల్యేల వ్యవహారంలో సుప్రీంకోర్టు 2025 జూలై 31న, మూడు నెలలలో తేల్చాలని స్పీకరుకు చెప్పవలసి వచ్చింది. గెలిచిన ఎమ్మెల్యేను ఓటర్లు మధ్యలో వెనక్కి పిలిచే ఏర్పాటు మన చట్టంలో లేదు.

ప్రశ్న: ఎమ్మెల్యేలకు అంతమంది గన్‌మెన్‌లు అవసరమా?
— ఒక రైతు, నారాయణపేట

జవాబు: ఆడంబరం కోసం వెంట తిప్పుకునేవారు ఉంటే ఉండవచ్చు. కాని ఈ ప్రశ్న మీ ఊరి నుంచి రావడం నన్ను ఆలోచింపజేసింది. భువనగిరి నుంచి నాలుగుసార్లు గెలిచిన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర నక్సలైట్ల మందుపాతరకు బలయ్యారు. దేవరకొండ ఎమ్మెల్యే రాగ్యానాయక్‌ను 2001 డిసెంబరులో కాల్చి చంపారు. మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని 2005 ఆగస్టు 15న మీ నారాయణపేటలోనే, కుమారుడితో సహా చంపారు. మూడుచోట్లా తరువాతి ఉప ఎన్నికలో గెలిచినది ఆ కుటుంబంవారే. దానిని వారసత్వమని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆ పరిస్థితిలో నిలబడటానికే ధైర్యం కావాలి. ఇప్పుడు ఆ భయం తగ్గిన మాట నిజం. భద్రతను కూడా అప్పటి అలవాటు మీద కాకుండా ఇప్పటి ప్రమాదాన్ని బట్టి లెక్కగట్టాలన్న మీ భావంతో ఏకీభవిస్తాను.

ప్రశ్న: భార్యాభర్తలు ఒకే సభలో ఎమ్మెల్యేలుగా ఉన్న సందర్భం మన వైపు ఉందా?
— ఒక అంగన్‌వాడీ టీచరు, ఆలేరు

జవాబు: మీ ఆలేరులోనే ఉంది. సాయుధ పోరాటంలో పనిచేసిన ఆరుట్ల కమలాదేవి 1952, 1957, 1962 ఎన్నికలలో ఆలేరు నుంచి గెలిచారు. 1957లో భువనగిరి ఎమ్మెల్యేగా ఉన్న రావి నారాయణరెడ్డి 1962లో నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లగా, భువనగిరి నుంచి ఆమె భర్త ఆరుట్ల రామచంద్రారెడ్డి శాసనసభకు వచ్చారు. సభలో అప్పటికి ఆమె పదేళ్ల సీనియరు.