కమ్యూనిటీ బోర్డును ఎవరు పెడతారు, వాళ్లు వద్దంటే భవనం ఆగుతుందా? అందులో నాలుగేళ్లు కూర్చున్న అనుభవంతో

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరుండేది న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో. మీ వీధి చివర పార్కింగ్ స్థలంలో ఎనిమిదంతస్తుల భవనం కట్టుకుంటాం, జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చు, ఎంత ఎత్తు కట్టొచ్చు అన్న నియమాలు, మార్చండి అని ఎవరో దరఖాస్తు పెట్టారు. దాని మీద కమ్యూనిటీ బోర్డు హియరింగ్ ఉందని మీ లాబీలో కాగితం అంటించారు. ఈ బోర్డుకు మేం ఎప్పుడూ ఓటు వెయ్యలేదే, వీళ్లను ఎవరు పెట్టారు, మన ఊళ్లో కార్పొరేటర్ లాంటివాళ్లా, వాళ్లు వద్దంటే పని ఆగుతుందా అని అడిగారు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను: ఆగదు. అయినా వెళ్లండి. ఎందుకు వెళ్లమంటున్నానో చెప్పాలంటే కాస్త వెనక నుంచి రావాలి. క్వీన్స్‌లోనే ఇలాంటి ఒక బోర్డులో నేను రెండు టర్ములు, అంటే నాలుగేళ్లు ఉన్నాను. ఏ నంబరు బోర్డో చెప్పను. అందులోవాళ్లు నాకు ఇప్పటికీ కిరాణా కొట్లో ఎదురుపడుతుంటారు.

న్యూయార్క్ నగరంలో ఐదు బరోలు, అంటే పెద్ద విభాగాలు. ఒక్కో బరోకు ఎన్నికైన ఒక బరో ప్రెసిడెంట్ ఉంటారు. నగరం మొత్తాన్ని 59 కమ్యూనిటీ డిస్ట్రిక్టులుగా విడగొట్టారు. బ్రూక్లిన్‌లో 18, క్వీన్స్‌లో 14, మన్‌హాటన్‌లో 12, బ్రాంక్స్‌లో 12, స్టాటెన్ ఐలండ్‌లో 3. ఒక్కో దానికి ఒక బోర్డు. మనవాళ్లందరికీ తెలిసిన ఫ్లషింగ్ గణేశ్ గుడి క్వీన్స్ ఏడో బోర్డు కిందికి వస్తుంది. 1951లో మన్‌హాటన్ బరో ప్రెసిడెంట్‌గా ఉన్న రాబర్ట్ వాగ్నర్, తర్వాత మేయర్ అయినాయన, 12 సలహా మండళ్లు పెట్టడంతో ఇది మొదలైంది. 1963 చార్టర్, అంటే నగర పాలనకు మూలమైన చట్టం, దాన్ని ఐదు బరోలకూ పాకించింది. ఇప్పుడు మనం చూస్తున్న రూపం, అంటే జోనింగ్ మీద ముందుగా వీళ్లను అడగడం, ఆఫీసు నడపడానికి జీతం మీద ఒక డిస్ట్రిక్ట్ మేనేజర్ ఉండడం, 1975 చార్టర్ సవరణతో వచ్చింది.

బోర్డులో గరిష్ఠంగా 50 మంది. జీతం లేదు. నియమించేది బరో ప్రెసిడెంట్. అయితే అందులో కనీసం సగం మందిని ఆ ప్రాంతానికి చెందిన సిటీ కౌన్సిల్ మెంబర్లు సూచించినవాళ్లలోంచే తీసుకోవాలి. ఒక డిస్ట్రిక్టులోకి ఇద్దరు ముగ్గురు కౌన్సిల్ మెంబర్ల పరిధులు వస్తే, ఎవరి వైపు జనం ఎంతమంది ఉన్నారో ఆ లెక్కన పేర్లు పంచుకుంటారు. టర్ము రెండేళ్లు. అందరి టర్మూ ఒకేసారి అయిపోకుండా ఏటా ఏప్రిల్ 1న సగం సీట్లు నింపుతారు. సిటీ ఉద్యోగులు నాలుగో వంతుకు మించకూడదు. 16, 17 ఏళ్ల పిల్లలు కూడా ఇద్దరి దాకా ఉండొచ్చు. మా బోర్డులో ఒక హైస్కూలు అమ్మాయి ఉండేది. బడ్జెట్ కాగితాలు మొత్తం చదువుకొచ్చేది ఆ పిల్ల ఒక్కతే అని నా అనుమానం.

కాబట్టి కార్పొరేటర్‌తో పోలిక కుదరదు. కార్పొరేటర్‌కు ఓటేసినవాళ్లుంటారు, ఐదేళ్లకోసారి వాళ్ల దగ్గరికి రావాలి. ఇక్కడ మెంబరు తన సీటు కోసం చూసేది ఇద్దరి మొహమే: బరో ప్రెసిడెంట్, కౌన్సిల్ మెంబర్. ఇది దాచాల్సిన విషయమేమీ కాదు, చార్టర్‌లోనే ఉంది. కౌన్సిల్ మెంబర్‌కు నచ్చని ఓటు వేసినవాళ్లకు మళ్లీ సీటు రాకపోయిందన్న గుసగుసలు ప్రతి ఏప్రిల్‌లోనూ వింటాం. అందులో నిజమెంతో బయటివాళ్లు తేల్చలేరు. గుసగుస ఉందన్న మాట మాత్రం ఓటు వేసేటప్పుడు అందరికీ గుర్తుంటుంది.

ఒకప్పుడు ఇరవై, ముప్ఫై ఏళ్లు అదే కుర్చీలో కూర్చున్నవాళ్లు ఉండేవాళ్లు. 2018 నవంబరు బ్యాలెట్‌లో ఓటర్లు దానికి కళ్లెం వేశారు. ఇప్పుడు వరసగా నాలుగు టర్ములు, ఎనిమిదేళ్లు దాటితే ఒక టర్ము బయట కూర్చోవాలి, ఆ తర్వాత మళ్లీ రావచ్చు. పాతవాళ్లందరూ ఒకేసారి ఖాళీ చేయకుండా 2020లో నియమితులైనవాళ్లకు మాత్రం ఐదు టర్ముల వెసులుబాటు ఇచ్చారు.

నేను మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు సీటు రాలేదు. ఉద్యోగానికి పంపినట్టు రెండు పేజీల రెజ్యూమె జతచేశాను. ఏ సర్టిఫికేషన్లు ఉన్నాయో, ఎంతమంది టీముకు లీడ్‌నో అంతా రాశాను. వాళ్లకు కావాల్సింది అది కాదు. ఈ డిస్ట్రిక్టులో ఉంటున్నావా, లేదా ఇక్కడ పనో వ్యాపారమో ఉందా, ఇన్నాళ్లూ ఇక్కడ ఏం పట్టించుకున్నావు, మీటింగులకు వచ్చావా? మరుసటి ఏడాదంతా కమిటీ మీటింగులకు వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. బోర్డులో సీటు లేకపోయినా కమిటీల్లో పబ్లిక్ మెంబరుగా ఉండొచ్చు, ఆ సంగతి చాలామందికి తెలియదు. రవాణా కమిటీలో అలా చేరాను. తర్వాతి దరఖాస్తులో రెజ్యూమె లేదు, మా వీధిలో బస్సు ఆగే చోట వర్షం నీళ్లు నిలిచే సంగతి ఒక పేరా రాశాను. ఈసారి ఫోన్ వచ్చింది.

లోపలికి వెళ్లాక పాలన ఎలా ఉంటుందంటే, చైర్‌ను, సెక్రటరీని, మిగతా ఆఫీస్ బేరర్లను మెంబర్లే ఎన్నుకుంటారు. ప్రతి బోర్డుకూ తన సొంత బైలాస్ ఉంటాయి. అసలు పని కమిటీల్లో జరుగుతుంది: ల్యాండ్ యూజ్, రవాణా, పార్కులు, లైసెన్సులు, ఇలా. జులై, ఆగస్టు మినహాయించి నెలకోసారి పూర్తి బోర్డు కూర్చుంటుంది. కౌన్సిల్ మెంబర్ కూడా బోర్డులో సభ్యుడే, కానీ ఓటు లేదు. డిస్ట్రిక్ట్ మేనేజర్‌ను బోర్డే పెట్టుకుంటుంది, కావాలంటే బోర్డే తీసేస్తుంది. ఆఫీసులో ఆయనతో కలిపి ఇద్దరు ముగ్గురుంటారు. నా మాట నమ్మండి, ఆ 50 మందికంటే మీకు ఎక్కువ పనికొచ్చేది ఆ ముగ్గురే. చెత్త ఎత్తకపోయినా, వీధిదీపం ఆరిపోయినా సిటీ శాఖల స్థానిక అధికారులందరినీ నెలనెలా ఒక టేబుల్ చుట్టూ కూర్చోబెట్టే మీటింగు ఒకటుంటుంది. దాన్ని నడిపేది డిస్ట్రిక్ట్ మేనేజరే.

ఇక బోర్డు ఓటు సంగతి. దీని మీద నాకో పాత గాయం ఉంది, చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

నేను చేరిన కొత్తలో, జూన్ నెల. ఎలిమెంటరీ స్కూలు క్యాఫెటేరియాలో మీటింగు. పిల్లల కోసం చేసిన పొట్టి బెంచీలు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చోవాలి. ఆఫీసు నుంచి ట్రైన్ ఆలస్యమై నేను ముప్పావుగంట తర్వాత చేరాను. అప్పటికే ఒక తీర్మానం మీద చర్చ ముగిసింది. స్కూలు మలుపు దగ్గర రోడ్డు దాటే పిల్లలు డ్రైవర్లకు కనబడేలా మూల మీద కార్లు పెట్టే రెండు చోట్లు తీసేయమని రవాణా శాఖను కోరే తీర్మానం అది. రెండు పార్కింగ్ చోట్లే కదా అనుకోకండి, న్యూయార్క్‌లో పార్కింగ్ కోసం అన్నదమ్ములు కూడా మాటలు మానేస్తారు. సెక్రటరీ రోల్ కాల్ మొదలుపెట్టింది. నా ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికి ఎప్పట్లాగే ఒక క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, తనకు చేతనైనట్టు పలికింది. చర్చ వినలేదు కాబట్టి ఎటూ చెప్పకపోవడమే నిజాయితీ అనుకుని "ఆబ్‌స్టెయిన్" అన్నాను.

హాజరు 31. అవును 15, కాదు 12, నాతో కలిపి ఆబ్‌స్టెయిన్ 4. పదిహేను ఎక్కువ కదా, గెలిచింది అని నేను కాగితాలు సర్దుకుంటుంటే చైర్ అన్నాడు, తీర్మానం వీగిపోయింది అని.

నాకు అర్థం కాలేదు. పక్కనున్న పెద్దావిడ, ఇరవై ఏళ్లుగా ఉన్నావిడ, తన ఫైల్లోంచి చార్టర్ ఫొటోకాపీ తీసి ఒక వాక్యం కింద వేలు పెట్టి చూపించింది. కోరం ఉన్నప్పుడు, హాజరై ఓటుహక్కు ఉన్న సభ్యుల్లో సగానికి పైగా అవునంటేనే అది బోర్డు నిర్ణయం. అంటే 31లో 16 కావాలి. "కాదు" అన్నా, "ఆబ్‌స్టెయిన్" అన్నా లెక్కలో ఒకటే. ఆ విషయంలో సొంత డబ్బు లాభం ఉండి ఓటుకు అనర్హులైనవాళ్లను మాత్రం లెక్కలోంచి తీసేస్తారు. నేను అలాంటివాణ్ణి కాదు, కేవలం ఆలస్యంగా వచ్చినవాణ్ణి. "నువ్వు ఎవరి పక్షమూ వహించలేదనుకున్నావు, పార్కింగ్ పక్షం వహించావు" అని నవ్వింది ఆవిడ. నాకు నవ్వు రాలేదు. తర్వాత రెండు నెలలు మీటింగుల్లేవు. సెప్టెంబరులో బడి తెరిచిన రోజు ఆ మలుపు దగ్గర అదే చోట ఒక పెద్ద వ్యాన్ నిలబడి ఉంది, దాని ముందు నుంచి పిల్లలు తల బయటపెట్టి తొంగిచూసి దాటుతున్నారు. తీర్మానం మళ్లీ కమిటీకి వెళ్లి, శరదృతువులో గెలిచింది. ఆ తర్వాత నేను ఒక్కసారి కూడా ఆలస్యంగా వెళ్లలేదు.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, బోర్డు ఓటు సలహా మాత్రమే అయినా, ఆ సలహా ఎటు పడుతుందన్నది కొన్నిసార్లు ఒకరిద్దరి చేతుల్లో ఉంటుంది. గదిలో జనం ఉంటే ఆ ఒకరిద్దరు కాస్త సరిగ్గా వింటారు.

మీ భవనం విషయంలో వరస ఇలా ఉంటుంది, ఇక్కడ దీన్ని యూలర్ప్ అంటారు. సిటీ ప్లానింగ్ శాఖ దరఖాస్తు సరిగ్గా ఉందని ధ్రువీకరించాక బోర్డుకు 60 రోజులు. హియరింగ్ పెట్టి ఓటు వేసి పంపాలి. తర్వాత బరో ప్రెసిడెంట్‌కు 30, ప్లానింగ్ కమిషన్‌కు 60, సిటీ కౌన్సిల్‌కు 50 రోజులు. మొదటి ఇద్దరివీ సలహాలే, నిర్ణయం తర్వాతివాళ్లది. 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన చార్టర్ మార్పులతో కొన్ని రకాల ఇళ్ల ప్రాజెక్టులకు దీనికంటే పొట్టి దారి వచ్చింది. మీది ఏ దారిలో నడుస్తోందో ముందు కనుక్కోండి, గడువులన్నీ దాన్ని బట్టే.

బోర్డు చాలాసార్లు వట్టి అవును, వట్టి కాదు అనదు. "ఈ షరతులతో అవును" అంటుంది, లేదా "ఈ షరతులు తీరితే తప్ప కాదు" అంటుంది. ఆ షరతుల కాగితమే పైవాళ్ల టేబుళ్ల మీదికి వెళ్తుంది. కౌన్సిల్ దగ్గర బేరం మొదలైనప్పుడు లాయర్ చేతిలోనూ, కౌన్సిల్ మెంబర్ చేతిలోనూ ఉండేది అదే కాగితం. ఉదాహరణకు ఇలాంటి జోనింగ్ మార్పులకు 2016 నుంచి కొంత శాతం ఇళ్లు తక్కువ అద్దెకు ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఒక రకంలో 25 శాతం, ఇంకో రకంలో 30 శాతం ఇళ్లు, అయితే ఏ ఆదాయం ఉన్నవాళ్లకన్నది రెంటిలోనూ వేరు. ఎక్కువ శాతం ఉన్నది మంచిదనుకుంటాం గానీ, 25 శాతం రకంలోనే అద్దెలు సగటున తక్కువ. ఏది కావాలో బోర్డు అడగొచ్చు. మా బోర్డు ఒకసారి అడిగింది.

లైసెన్సుల కమిటీలో ఇది ఇంకా తేలిగ్గా కనబడుతుంది. మద్యం లైసెన్సు కావాలంటే రాష్ట్ర సంస్థకు దరఖాస్తు పెట్టడానికి 30 రోజుల ముందు బోర్డుకు తెలియజేయాలి. ఒక రెస్టారెంటు ఓనరు పెరట్లో టేబుళ్లు వేసుకుంటానని వచ్చాడు. పెరటి గోడకు ఆనుకున్న ఇంట్లో ఉండే నర్సు లేచి, నేను తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి బాబూ అంది. ఆమె ఇంకేమీ అనలేదు. పది గంటలకు పెరడు మూసేస్తాను, బయట పాటలు పెట్టను అని అతను అక్కడే సంతకం పెట్టాడు. ఆ షరతులు లైసెన్సులోకి ఎక్కాయి.

అందుకని మీరు వెళ్లినప్పుడు "భవనం వద్దు" అని మీకు మాట్లాడడానికి ఇచ్చే మూడు నిమిషాలూ ఖర్చు చేయకండి. అది ముప్ఫై మంది చెబుతారు, టైమర్ మోగుతుంది, అయిపోతుంది. సామాన్ల లారీలు మీ వీధిలో నిలబడతాయా, అవతలి వీధిలోనా? కట్టేటప్పుడు ఫుట్‌పాత్ మూస్తే మీ పిల్లలు ఎటు నుంచి నడవాలి? తక్కువ అద్దె ఇళ్లు ఏ రకం? ఇలాంటిదొకటి పట్టుకోండి. ఒక పేజీలో రాసి, చదివాక ఆ పేజీ సెక్రటరీ చేతికివ్వండి. మాట్లాడడానికి పేరు ముందే రాయించుకోవాలి, చాలా బోర్డుల్లో ఆ సాయంత్రమే తలుపు దగ్గర కాగితం పెడతారు.

ఇంకో మాట. మీ లాబీలో ఉన్నది పూర్తి బోర్డు తేదీ అయితే, ల్యాండ్ యూజ్ కమిటీ అంతకు వారమో రెండు వారాలో ముందే కూర్చుంటుంది. షరతులు రాసేది అక్కడే, ఆ గదిలో డెవలపర్ లాయరు తప్ప బయటివాళ్లు దాదాపు ఉండరు. రేపు పొద్దున డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ తేదీ అడగండి.