జాబితాలో 40 మంది పిల్లలు, చేతిలో 42 గంటలు

ప్రశ్న: నేను జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రంలో) ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు తామే చేసుకునేలా పిల్లలకు శిక్షణ ఇస్తాను. నా జాబితాలో 40 మంది పిల్లలున్నారు. ఒక్కొక్కరికి వారానికి రెండుసార్లు, 45 నిమిషాల చొప్పున థెరపీ ఇవ్వాలన్నది మా దగ్గరి నియమం. రికార్డులు రాత్రిళ్లు ఇంట్లో రాసుకుంటున్నాను. కొత్తవారిని వద్దనలేను, పాతవారిని మాన్పించడానికి మనసొప్పదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేసి చూద్దాం. 40 మందికి వారానికి 80 సెషన్లు, అంటే 60 గంటలు. రోజుకు 7 గంటల వంతున ఆరు రోజులు పనిచేసినా మీ చేతిలో ఉండేది 42 గంటలే. కొత్త పిల్లల పరీక్ష, స్ప్లింట్ల (చేయి, కాలు సరైన తీరులో నిలిపి ఉంచే పట్టీల) తయారీ, తల్లులకు నేర్పడం, రికార్డులు రాయడం ఇందులోకి రానేలేదు. అందుచేత మీరు మిమ్మల్ని నిందించుకోవలసిన పనిలేదు. రెండు వారాలపాటు ఏ పనికి ఎంత సమయం పట్టిందో రాసి, ఆ లెక్కను మీ పైఅధికారికి లిఖితపూర్వకంగా ఇవ్వండి.

ఇక పిల్లలను జబ్బు పేరును బట్టి విడదీయకండి, ఇప్పుడు ఎవరికి ఏది అవసరమో చూడండి. మింగేటప్పుడు పొలమారే బిడ్డను, ఏడాది నిండని పసికందును, కొత్తగా స్ప్లింటు వేసిన బిడ్డను ఆపకూడదు. స్ప్లింటు తీసి 20 నిమిషాలైనా చర్మం మీది ఎర్రదనం తగ్గలేదంటే దాన్ని వెంటనే సరిచేయాలి. మిగిలినవారిలో చాలామందికి, ఏడాది పొడవునా ఒకే తీరుగా సాగించడం కన్నా, ఒక లక్ష్యం పెట్టుకుని ఆరు నుంచి ఎనిమిది వారాలు గట్టిగా చేయించి, ఆపైన ఇంటి అభ్యాసం అప్పగించి కొంత విరామం ఇవ్వడమే మేలని నా అభిప్రాయం.

ఆ లక్ష్యాన్ని కుటుంబమే ఎంచుకోవాలి. రోజువారీ పనుల్లోని ఇబ్బందులను అడిగి తెలుసుకునే కొలమానమైన కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్‌లో ముఖ్యమైన ఇబ్బందులను అయిదుకు మించకుండా ఎంచుకుని, ఆ పని ఎంతవరకు చేయగలుగుతున్నారో, దానితో ఎంత తృప్తిగా ఉన్నారో 1 నుంచి 10 వరకు మార్కులు వేయిస్తారు. ‘చేతి పట్టు పెరగాలి’ అని రాస్తే థెరపీకి అంతు ఉండదు, ‘చొక్కా గుండీలు తానే పెట్టుకోవాలి’ అని రాస్తే ఉంటుంది. తల్లి గుండీని కాజాలో సగం దూర్చి, చివరి లాగుడు మాత్రం బిడ్డకు వదలాలి. అది వచ్చాక దూర్చడం కూడా బిడ్డచేతే చేయించాలి. రోజూ బడికి తయారుచేసేటప్పుడు ఆ రెండు నిమిషాల అభ్యాసం ఇంట్లోనే జరిగిపోతుంది.

గుండీలు పెట్టుకోవడం వస్తే ఈ విడత ముగుస్తుందని తల్లికి మొదటి రోజే చెప్పండి. ముగించిన రోజున, మూడు నెలల తర్వాత మళ్లీ చూపించాల్సిన తేదీని కార్డు మీద మీ చేత్తో రాసివ్వండి, ఈలోగా కొత్త ఇబ్బంది వస్తే నేరుగా రమ్మనండి.