గ్రూపులో నా అభిప్రాయం రాస్తే కేసు పెడతారా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది పెనుగొండ దగ్గర పల్లెటూరు. మాస్టారుగా చేసి రిటైరయ్యాను, వయసు 64. మా ఊరి వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. రాజకీయాలు, కోర్టు తీర్పులు, స్మార్ట్ మీటర్లు, పిల్లల సెల్‌ఫోన్ పిచ్చి, ఏది తోస్తే అది రాస్తుంటాను. ఈమధ్య మా ఆయకట్టులో వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్నారని, ఆ నీళ్లు పంట బోదెలోకి వదిలేస్తున్నారని రాశాను. "ఈ ప్రభుత్వానికి రైతంటే లెక్కలేదు, అధికారులు కళ్లు మూసుకున్నారు" అన్నాను. ఇంకో రోజు కోపంలో ఒక చెరువు యజమాని పేరు పెట్టి, "కార్యదర్శి చేతులు తడిపాడు కాబట్టే ఇదంతా" అని రాశాను. దాని కింద వేరొకాయన ఒక కులాన్ని తిడుతూ మెసేజ్ పెట్టాడు. నాకు వచ్చిన ఒక గొడవ వీడియో కూడా ఫార్వర్డ్ చేశాను, అదెక్కడిదో తెలియదు. నిన్న స్టేషన్ నుంచి ఫోను వచ్చింది, "మీమీద కంప్లయింటు ఉంది మాస్టారూ, ఒకసారి వచ్చి వెళ్లండి" అని. వెళ్లాలా? రాసినవన్నీ తీసేయాలా? సచివాలయంలో పనిచేసే మా అబ్బాయి నా పోస్టులకు లైకులు కొడుతుంటాడు, వాడి ఉద్యోగానికేమైనా ఇబ్బందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మాస్టారూ, మీరు నాలుగు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టి భయపడుతున్నారు. చట్టం దేనికదే విడిగా చూస్తుంది. నేనూ అలాగే చెబుతాను.

ప్రభుత్వానికి రైతంటే లెక్కలేదన్న మాట మీ అభిప్రాయం. దానికి రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం అండగా ఉంది. ఆ స్వేచ్ఛకు పెట్టగలిగిన హద్దులు 19(2)లో ఉన్నాయి: దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువు నష్టం, కోర్టు ధిక్కారం వంటివి. ఎవరికో మనసు నొచ్చుకుందన్నది ఆ జాబితాలో లేదు. చిరాకు కలిగించే మెసేజ్ పంపినా మూడేళ్ల జైలు అనే 66ఎ సెక్షన్ ఒకటి ఐటీ చట్టంలో ఉండేది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల అదే సెక్షన్ కింద కేసులు కడుతుంటే, ఎవరినీ దానికింద విచారించకూడదని 2022లో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. మీ కాగితాల్లో ఎక్కడైనా 66ఎ కనిపిస్తే వెంటనే మీ లాయరుకి చూపించండి. ఆ కేసు నిలవదు.

2024 మార్చిలో జావెద్ అహ్మద్ హజామ్ కేసు తీర్పు వచ్చింది. 370 అధికరణం రద్దును తప్పుపడుతూ ఒక ప్రొఫెసరు వాట్సాప్ స్టేటస్ పెడితే కేసు కట్టారు. ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శించే హక్కు ప్రతి పౌరుడికీ ఉందని చెప్పి సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. అలాంటి మాటల్ని నిబ్బరం గల మామూలు మనుషులు ఎలా తీసుకుంటారన్నదే కొలమానం కావాలి, ప్రతిదానికీ బెంబేలెత్తేవాళ్లు ఎలా తీసుకుంటారన్నది కాదని కూడా చెప్పింది. దేశం మొత్తాన్ని కుదిపిన విషయం మీదే అంత స్వేచ్ఛ ఉంటే, మీ ఊరి బోదెలో నీళ్ల గురించి రాయడానికి మీరు జంకాల్సిన పని లేదు. పంచాయతీ పరువు పోయిందని ఎవరైనా బెదిరిస్తే 1994 నాటి రాజగోపాల్ కేసు చూపించండి. ప్రభుత్వంగానీ స్థానిక సంస్థగానీ పరువు నష్టం దావా వేయడానికి వీల్లేదని అందులో ఉంది.

ఇక "చేతులు తడిపాడు" అన్న వాక్యం. నన్ను ఆలోచనలో పడేసింది ఇదొక్కటే. ఇది అభిప్రాయం కాదు మాస్టారూ. ఫలానా ఆయన ఫలానా ఉద్యోగికి లంచమిచ్చాడని జరిగిన విషయంలా చెప్పడం. పేరుంది, హోదా ఉంది, నేరం అంటగట్టడం ఉంది. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356 సెక్షన్ కింద పరువు నష్టం అవుతుంది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. అదే సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. చెప్పింది నిజమై, జనం మేలు కోసం చెప్పినదైతే నేరం కాదు. ప్రభుత్వోద్యోగి తన విధుల్లో నడుచుకున్న తీరు మీద మంచి ఉద్దేశంతో అభిప్రాయం చెప్పినా నేరం కాదు. కానీ నిజమని రుజువు చేసుకోవాల్సింది మీరే. "ఊరంతా అనుకుంటున్నారండీ" అంటే కోర్టులో చెల్లదు.

అదే బాధని ఇలా రాసి ఉంటే మిమ్మల్ని ఎవరూ కదిలించలేకపోయేవారు: "ఫలానా సర్వే నంబరులో తవ్విన చెరువుకి లైసెన్సు ఉందా? ఉంటే పంచాయతీ బోర్డు మీద పెట్టండి. లేకపోతే ఇన్నాళ్లూ ఎందుకు ఆపలేదో చెప్పండి." ఈ ప్రశ్నలో పస ఎక్కువ. మన రాష్ట్రంలో ఆక్వా సాగుకి లైసెన్సు ఉండాలని 2020లో ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టమే తెచ్చారు. ఆ లైసెన్సు నకలు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద మత్స్యశాఖకి అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. పంచాయతీ దగ్గరున్న కాగితాలకు పంచాయతీలోనే అడగండి, అక్కడ అర్జీకి రుసుం కూడా లేదు. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో బోదె ఫొటోలతో ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఎవరైనా మీది కక్ష అంటే, ఆ రసీదులే మీ తరఫున మాట్లాడతాయి.

పరువు నష్టం పోలీసులు తమంత తాము కేసు కట్టి దర్యాప్తు చేసే నేరం కాదు. ఆ యజమాని గానీ కార్యదర్శి గానీ మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు కంప్లయింటు వేసుకోవాలి. అందుకని స్టేషన్‌లో మీచేత క్షమాపణ పత్రం రాయించబోతే సంతకం పెట్టకండి. "ఇక మీదట ఏ విషయం మీదా రాయను" అని ఒక పెద్దాయన చేత రాయించుకున్న కాగితాన్ని నేను చూశాను, చాలా బాధ కలిగింది. అలా రాయించుకునే అధికారం ఎవరికీ లేదు. లంచం మాటకు మీ దగ్గర నిజంగా ఆధారం లేకపోతే, స్టేషన్‌లో కాదు, అదే గ్రూపులో మీ అంతట మీరే రాయండి: "డబ్బు ఇచ్చారన్న మాటకు నా దగ్గర ఆధారం లేదు, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను. బోదె నీళ్ల గురించి రాసినది మాత్రం అలాగే ఉంటుంది." పోస్టు చేసేముందు మీ లాయరుకి ఒకసారి చూపించండి.

కులం పేరుతో తిట్టిన మెసేజ్ మీది కాదు. అడ్మిన్ అయినంత మాత్రాన ఇంకొకరి రాతకి మీరు నేరస్తులు కారని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఆ మెసేజ్‌కి మీరు వంత పాడి ఉంటే మాత్రం సంగతి వేరు. వర్గాల మధ్య వైరం పెంచే నేరానికి న్యాయ సంహిత 196, పైగా తిట్టింది షెడ్యూల్డు కులాలవారినో తెగలవారినో అయితే అట్రాసిటీ చట్టం వస్తాయి. ఆ చట్టం కింద ముందస్తు బెయిలు దొరకడం చాలా కష్టం. చట్టాన్ని పక్కనపెట్టినా, మన కాలవ గట్ల ఊళ్లలో పేటకీ పేటకీ మధ్య చిచ్చు పెట్టడానికి అలాంటి ఒక్క మెసేజ్ చాలు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, అడ్మిన్‌గా దాన్ని ఇవాళే తీసేయండి, అలాంటి మాటలు ఈ గ్రూపులో కుదరవని కింద రాయండి. మీరు చేయగలిగిన, చేయాల్సిన పని అది.

వీడియో విషయంలో మీరు పొరపాటు చేశారు. "వచ్చింది వచ్చినట్టు పంపాను" అని కింద రాస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. ఫార్వర్డ్ చేసినవారు కూడా బాధ్యులేనని మద్రాసు హైకోర్టు 2023లో ఒక మాజీ ఎమ్మెల్యే కేసులో చెప్పింది, సుప్రీంకోర్టు కూడా ఆయనకు ఊరట ఇవ్వలేదు. తప్పుడు సమాచారంతో జనాన్ని రెచ్చగొట్టడం న్యాయ సంహిత 353 కింద మూడేళ్ల వరకు శిక్ష పడే నేరం. నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, చెడు ఉద్దేశం లేకుండా పంపినవారికి అందులోనే మినహాయింపు ఉంది. ఎక్కడిదో తెలియదంటున్నారు కాబట్టి ఆ మినహాయింపు మీకు గట్టిగా పనికిరాదు. కంప్యూటరుతో ఎవరి గొంతునైనా, ఎవరి మొహాన్నైనా పుట్టించేస్తున్న రోజులివి. అది ఎప్పటిదో, ఎక్కడిదో తేలలేదని గ్రూపులో ఒక మాట రాయండి.

మీవి మాత్రం తీసేయకండి. ఫిర్యాదు చేసినవారి దగ్గర స్క్రీన్‌షాట్లు ఎటూ ఉంటాయి. కేసు నడుస్తుండగా తీసేస్తే సాక్ష్యం మాయం చేశారంటారు. పైగా మొత్తం సంభాషణ ఉంటేనే మీరు ఏ సందర్భంలో రాశారో తెలుస్తుంది.

ఇప్పుడు ఫోను సంగతి. "వచ్చి వెళ్లండి" అన్నది నోటీసు కాదు. మర్యాదగా, "నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇవ్వండి, తప్పకుండా వస్తాను" అని చెప్పండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం అది. వాట్సాప్‌లో పంపిన నోటీసు కూడా చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద నోటీసు చేతికి వచ్చాక మాత్రం వెళ్లి తీరాలి. వెళ్లకపోతే అరెస్టుకి మీరే దారి ఇచ్చినట్టు. చెప్పిన తేదీన హాజరై సహకరిస్తే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయకూడదు. 60 దాటినవారిని మూడేళ్లలోపు శిక్ష పడే నేరంలో డీఎస్పీ ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదని అదే సెక్షన్ చెబుతోంది. 353కి మూడేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి ఈ రక్షణ దానికి వర్తించకపోవచ్చు. సాక్షిగా పిలిస్తే మాత్రం, 60 దాటినవారు స్టేషన్‌కి వెళ్లనక్కర్లేదు, ఇంటి దగ్గరే విచారించాలి. ఏ హోదాలో పిలుస్తున్నారో నోటీసులో చూడమని చెప్పేది అందుకే.

మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉండే నేరాల్లో, మాటలకు సంబంధించిన ఫిర్యాదు వస్తే ముందు సురక్షా సంహిత 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడమే తగినదని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లో అది పూర్తవ్వాలి. సోషల్ మీడియా కేసుల్లో రిమాండ్ ఇచ్చేముందు ఇవన్నీ పాటించారో లేదో చూడమని మన హైకోర్టు అదే ఏడాది జూలైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. లాయరుని వెంటబెట్టుకుని వెళ్లండి, విచారణ మధ్యలో ఆయన్ని కలిసే హక్కు మీకుంది. ఫోను తీసుకుంటామంటే జప్తు కాగితం అడగండి, జప్తుని వీడియో తీయడం ఇప్పుడు అదే సంహిత 105 సెక్షన్ ప్రకారం తప్పనిసరి.

కోర్టు తీర్పుల మీద మీరు రాసేవాటికి దిగులు పడకండి. ముగిసిపోయిన కేసు మీద న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. తీర్పు తప్పని రాయండి, ఎందుకు తప్పో రాయండి. జడ్జి అమ్ముడుపోయారని మాత్రం రాయకండి.

మీ అబ్బాయి మీలా స్వేచ్ఛగా ఉండలేడు. మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడాన్ని అది ఒప్పుకోదు. లైకు కొట్టడం నేరమేమీ కాదు. కానీ శాఖాపరమైన మెమో ఇవ్వడానికి నేరమే అయి ఉండనక్కర్లేదు. ఆ అబ్బాయి వేరే ఊళ్లో కాక మీ సచివాలయంలోనే పనిచేస్తుంటే, ఆ కార్యదర్శితో రోజూ కలిసి కూర్చోవాల్సినవాడు. పాత లైకుల్ని కదిలించవద్దనండి. ఇకమీదట ఈ చెరువుల గొడవలో దూరంగా ఉండమనండి. మెమో వస్తే గడువులోగా జవాబివ్వాలి, ఆ జవాబు సొంతంగా రాయకుండా ముందు ఒక లాయరుకి చూపించమనండి.