పొద్దున పదింటికి చేస్తే పిల్ల ఫోన్ ఎత్తదు

ప్రశ్న: మా 16 ఏళ్ల పాప స్కూల్ ఎక్స్ఛేంజ్ మీద ఆగస్టులో జర్మనీ పోయింది. ఒకటే యాదికొస్తుంది. పొద్దున పదింటికి, మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎత్తదు. సకినాలు పంపొచ్చా?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, మీకు పది అంటే అక్కడ ఆరున్నర, పిల్ల నిద్రలో ఉంటుంది. మీ మధ్యాహ్నం ఆమెకు క్లాసు టైం. రాత్రి తొమ్మిదిన్నరకు చేయండి, అక్కడ సాయంత్రం ఆరు. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి తేడా నాలుగున్నర గంటలు. వారానికి రెండు వీడియో కాల్స్ చాలు, మిగతా రోజులు వాయిస్ మెసేజ్ పెట్టండి. ‘తిన్నవా’ అంటే ‘ఊ’ అనే వస్తుంది. బస్సులో పక్కన ఎవరు కూసున్నరో అడగండి, మాట సాగుతుంది.

సకినాలు నిక్షేపంగా పంపండి. బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె, ఏదీ అడ్డుకాదు. నెయ్యి అరిసెలు, పాలకోవా, మటన్ పచ్చడి మాత్రం వద్దు. పాల, మాంసం సరుకును ఐరోపా కస్టమ్స్ పోనివ్వదు. పార్శిల్ విలువ 45 యూరోలు దాటితే పన్ను పడుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తండి, వేడి మీద మూస్తే ఆవిరికి మెత్తబడతాయి. వరుసకో కాగితం వేసి, కదలకుండా పేర్చండి. అయినా కొన్ని తునకలవుతాయి, పిల్ల ఏమీ అనుకోదు లెండి.