అపార్ట్‌మెంట్‌లో హామ్ రేడియో: సెట్టు సంగతి తర్వాత, ముందు డాబా ఎక్కి చూడండి

మీరు అడిగింది: హైదరాబాద్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు, హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని, వ్యాపారం కోసం కాకుండా సొంత సెట్టుతో దూరాలవాళ్లతో మాట్లాడే హాబీ) మొదలుపెట్టాలనుంది, ముందు ఏ సెట్టు కొనాలి, అనుమతులు ఏం కావాలి అని. ఏ సెట్టూ కొనకండి. ముందు లైసెన్సు, తర్వాత చోటు, యాంటెనా వైరు, చివర్న సెట్టు. నేనూ అపార్ట్‌మెంట్‌వాణ్ణే, ఈ వరసలో వెళ్తే డబ్బులు వృథా కావు.

లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖ. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు, ఇంజినీరింగ్ చదివి ఉండక్కర్లేదు. రెండు గ్రేడ్లున్నాయి. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అవసరం లేదు, రేడియో సిద్ధాంతం, నియమాలు చదివితే చాలు, కాల్‌సైన్, అంటే గాల్లో మీ గుర్తింపు పేరు, వీయూ3తో మొదలవుతుంది. జనరల్ గ్రేడ్‌కి మోర్స్ కూడా రావాలి, వాళ్లది వీయూ2. మొదట రెస్ట్రిక్టెడ్ రాసేయండి, మోర్స్ మీద మోజు తర్వాత దానంతటదే పుడుతుంది. పరీక్ష పాసవ్వడానికీ కాగితం చేతికి రావడానికీ మధ్య నెలలు గడవొచ్చు. చాలాకాలంగా అమల్లో ఉన్నవి 1978 నాటి నియమాలు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చాక ఈ వ్యవస్థ మారుతోంది కాబట్టి ఫీజులూ ఫారాలూ పాత వీడియోల్లో చూసి నమ్మకండి, పోర్టల్లోనే చూడండి. చదవడానికి తోడు కావాలంటే మన ఊళ్లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 సునామీ వచ్చినప్పుడు అండమాన్ నుంచి కబుర్లు అందించిన బృందం వాళ్లదే.

ఈ ఎదురుచూసే నెలల్లో చెవికి అలవాటు చేసుకోండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో నడిచే వెబ్ ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్లో వినే రేడియో రిసీవర్) లాంటివి బ్రౌజర్లోనే తెరుచుకుంటాయి, పైసా ఖర్చు లేదు. హాములు ఎలా పిలుచుకుంటారో, ఎప్పుడు ఆగుతారో వింటేనే పట్టుబడుతుంది. వ్యాపారం మాటలు, పాటల ప్రసారం, రహస్య సంకేతాలు కుదరవన్న నియమాలు కూడా వింటుంటే వాటంతట అవే ఒంటబడతాయి.

ఇక అసలు సంగతి, డాబా. సొంత ఫ్లాటే అయినా డాబా అందరిదీ. టెలికాం శాఖ లైసెన్సు మీకు గాల్లో మాట్లాడే హక్కిస్తుంది గానీ పిట్టగోడకు యాంటెనా వైరు కట్టే హక్కివ్వదు, అది అసోసియేషన్ ఇవ్వాలి. మా మీటింగ్‌లో మొదటి ప్రశ్న "సెల్ టవర్ లాంటిదా, రేడియేషన్ వస్తుందా?" అని. ఇది పగలూ రాత్రీ పనిచేసేది కాదు, నేను మీట నొక్కి మాట్లాడినంతసేపే, అదీ పది వాట్లే అని చెప్పాను. అంతా తలూపారు కానీ ఎవరూ సరేననలేదు. వాళ్ల అసలు భయం వేరు: స్లాబుకి బెజ్జాలు కొడితే వానాకాలం పై ఫ్లాటులోకి నీళ్లు దిగుతాయని. ఒక్క బెజ్జం కూడా కొట్టను, యాంటెనా పైపుని ట్యాంకు పిల్లరుకి క్లాంపులతో బిగిస్తాను, వద్దంటే గంటలో విప్పేస్తాను అని కాగితం మీద రాసిచ్చాక సెక్రటరీ గారు సంతకం పెట్టారు. మీరూ రాతపూర్వకంగానే తీసుకోండి, సెక్రటరీలు మారుతుంటారు.

చోటు ఎంచుకునే ముందు సాయంత్రం ఏడు దాటాక బ్యాటరీతో నడిచే చిన్న షార్ట్‌వేవ్ రేడియో పట్టుకుని డాబా అంతా తిరగండి. ఎక్కడ గరగర ఎక్కువుందో తెలుస్తుంది. మాకు లిఫ్టు గది వైపు భరించలేనంత ఉండేది. చవకరకం ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఈమధ్య ప్రతి డాబా మీదకీ వస్తున్న సోలార్ ఇన్వర్టర్లు కూడా ఇదే పని చేస్తాయి. యాంటెనా వాటికి ఎంత దూరమైతే అంత మంచిది. ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు: భవనం పక్కన కరెంటు లైన్లుంటే, యాంటెనా గానీ పైపు గానీ ఎటు విరిగి పడినా ఆ తీగల మీద పడని చోటే ఎంచుకోండి. అలాంటి చోటు లేకపోతే ఆ డాబా మీద పెట్టకండి.

మొదటి యాంటెనాగా 7 మెగాహెర్ట్జ్ డైపోల్ చాలు, అంటే మధ్యలో కేబులు కలిసే రెండు సమానమైన వైరు ముక్కలు. ఉదయంపూట చెన్నై, బెంగళూరు, పుణే వాళ్లతో హాయిగా మాట్లాడుకోవచ్చు. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి సుమారు 20 మీటర్లు, ఒక్కో వైపు పది. కొంచెం ఎక్కువే ఉంచుకుని, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెనా సెట్టుకి ఎంత సరిపోయిందో చూపేది) చూస్తూ రెండు వైపులా సమానంగా తగ్గించుకుంటూ రండి. అంత పొడవు డాబా లేకపోతే నడిమి భాగాన్ని ట్యాంకు మీద పైపుకి కట్టి, రెండు కొసల్ని రెండు మూలలకి కిందికి లాగండి. మధ్య కోణం 90 డిగ్రీలకి తగ్గకుండా చూసుకోండి. కొసలు మనుషుల చేతికి అందకూడదు, మాట్లాడేటప్పుడు అక్కడ వోల్టేజీ ఎక్కువ. బట్టలారేసే తాళ్ల పక్కన అస్సలు వద్దు.

సామాన్లకి ప్రత్యేక దుకాణాలు వెతకనక్కర్లేదు. ఇళ్ల వైరింగ్‌కి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. ఇన్సులేటర్లకి పీవీసీ పైపు ముక్కలు. యాంటెనా నుంచి సెట్టుకి వేసే 50 ఓమ్‌ల కేబులు, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. డిష్ టీవీ కేబులు మిగిలిపోయింది, వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. అది 75 ఓమ్‌లది, డైపోల్‌తో పని జరుగుతుంది గానీ దాని అల్యూమినియం అల్లికకి సోల్డర్ అంటుకోదు, కనెక్టరు దగ్గర తిప్పలు పడతారు. తాడు విషయంలో పీనాసితనం వద్దు, సన్న ప్లాస్టిక్ సుతిలి మన ఎండలకి పొడి పొడిగా రాలిపోతుంది. కేబులు యాంటెనాకి కలిసే చోట నీళ్లు దిగకుండా ఎం-సీల్ పెట్టండి. ఉరుములు మొదలవక ముందే సెట్టు నుంచి కేబులు పీకేయండి, మొదలయ్యాక దాని జోలికి పోకండి.

సెట్టు గురించి. అందరూ ముందు కొనేది చవక చైనా వాకీటాకీ, నాకది నచ్చదు. దాంతో దగ్గరి వాళ్లతోనే మాట, పైగా లైసెన్సు లేకుండా వాడితే నేరం. చేత్తో చేసుకునే ఓపిక ఉంటే హైదరాబాద్‌కే చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ అనే సెట్టు చూడండి. దొరికే సామాన్లతోనే కట్టాలన్న పట్టుదలతో, కాయిల్స్‌ని నల్లా వాషర్ల మీద చుట్టుకునేలా గీసిన సర్క్యూట్ అది, ప్రపంచమంతా కట్టుకున్నారు. తర్వాత వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, పది వాట్ల దాకా ఇస్తుంది. సెకండ్‌హ్యాండ్ పెద్ద సెట్టు కొనాలనుకుంటే అమ్మే హాము ఇంటికెళ్లి, ఆయన యాంటెనాకే తగిలించి, మాట్లాడి చూశాకే డబ్బులివ్వండి. మీ లైసెన్సు నకలు పట్టుకెళ్లండి, అది చూడకుండా పద్ధతైన వాళ్లెవరూ అమ్మరు.