అభిప్రాయం చెప్పమన్నారు, వెళ్లమంటారా?

ప్రశ్న: అయ్యా, మాది విశాఖపట్నానికి దగ్గరలోని ఒక చిన్న పట్టణం. ఊరి సమస్యలపై ప్రజల అభిప్రాయాలు తీసుకుంటామని మా పురపాలక సంఘం ఆటోకు మైకు కట్టి చెప్పించింది. వచ్చే ఆదివారం కల్యాణ మండపంలో సమావేశం. గట్టి వాన పడితే చాలు, మా వీధి కాలువ పొంగి నీళ్లు గుమ్మంలోకి వస్తాయి. నాలుగేళ్ల కిందట ఇలాంటి సమావేశానికే వెళ్లి అర్జీ ఇచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ వెళ్లడం దండగని మావారు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక గృహిణి

జవాబు: వెళ్లండమ్మా. అయితే ఈసారి కొంచెం సిద్ధపడి వెళ్లండి.

నేను పురపాలక కార్యాలయాల్లో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు, వచ్చిన కాగితాలు తీసుకునే తపాలు విభాగమే. “మా వీధిలో మురుగు సమస్య తీవ్రంగా ఉంది, తగు చర్య తీసుకోగలరు” అని రాసిన కాగితాలు వందలకొద్దీ నా చేతుల మీదుగా లోపలికి వెళ్లాయి. రాసినవారి బాధ నిజమే. కానీ ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా, ఎంత లోతు, ఎంతసేపు అన్న వివరం లేకపోతే ఇంజనీరు దేన్ని బట్టి అంచనా వేస్తారు?

ఒక్క అర్జీ మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. చేపలమ్ముకునే ముసలమ్మ ఒకామె కాగితంతోపాటు వల అల్లే నైలాను దారం ముక్క తెచ్చింది. మూరెడుంటుంది. దానికి మూడు ముడులు. కింది ముడి మామూలు వానకు నీళ్లు వచ్చే ఎత్తు, మధ్యది రాత్రంతా కురిస్తే వచ్చేది, పైది తుఫాను నాటిది. “గడప దగ్గర పెట్టి కొలిచాను బాబూ” అంది. దారానికి ఇంకా చేపల వాసన పోలేదు. దాన్ని అర్జీకి గుండుసూదితో గుచ్చి, కాగితం అందినట్టు వేసే ఇన్వర్డు నంబరు వేశాను. ఆ మధ్యాహ్నమే ఇంజనీరు ఆ దారం జేబులో పెట్టుకుని వీధికి వెళ్లారు. చూస్తే ఆమె ఇంటికి చాలా దూరంలో, రోడ్డు కింద తూము సగానికి పైగా ఇసుకతో పూడిపోయి ఉంది. తర్వాతి వేసవిలో అక్కడ పెద్ద తూము వేశారు. చదువు రాని మనిషి, సంతకానికి బదులు వేలిముద్ర వేసింది. అంత చక్కని అర్జీ నా ఉద్యోగంలో మరొకటి చూడలేదు.

మీరూ ఆ పనే చేయండి. గోడ మీద నీటి మరక ఉంటే స్కేలు ఆనించి ఫోనుతో ఫొటో తీయండి. కాలువ వెంట చివరిదాకా ఒకసారి నడవండి. నీళ్లు నిలిచేది మీ గుమ్మంలోనే అయినా అడ్డు రెండు వీధుల అవతల ఉండవచ్చు. ఇరుగుపొరుగు వారి చేత ఇంటి నంబర్లతో సంతకాలు పెట్టించండి. దండగన్న మీవారినీ వెంటబెట్టుకుని వెళ్లండి, రమ్మన్నానని నా మాటగా చెప్పండి.

కాలువతోపాటు కుక్కలు, చెత్త, దీపాలు అన్నీ ఒకే కాగితంలో కలపకండి. కాలువ ఇంజనీరింగు విభాగానికి, చెత్త పారిశుద్ధ్య విభాగానికి వెళ్లాలి. అన్నీ కలిపి రాస్తే ఆ కాగితం బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఏ పని ఎవరిదో కూడా చూసుకోండి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగినవని 18 అంశాలు ఉన్నాయి. నీటి సరఫరా, రోడ్లు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు అందులోవే. వీధి దీపం వెలగకపోతే పురపాలక సంఘాన్ని అడగాలి. ట్రాన్స్‌ఫార్మర్ పేలితే మాత్రం విద్యుత్ పంపిణీ సంస్థకు చెప్పాలి.

చిన్న ఊరికి ఇలాంటి సమావేశం ఎందుకు ముఖ్యమో చెబుతాను. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్నచోట వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ చెబుతోంది. విశాఖకు అది వర్తిస్తుంది, మీ ఊరికి వర్తించదు. కాబట్టి పిలిచి అడిగిన రోజును వదులుకోవద్దు. ఇంకొక సంగతి. భీమిలి 1861లోనే పురపాలక సంఘం అయింది. 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. కౌన్సిలరును బజారులో ఆపి మాట్లాడిన రోజులను అక్కడి నా పాత స్నేహితులు ఇప్పటికీ తలుచుకుంటారు. మీ ఊరికి ఇంకా సొంత పురపాలక సంఘం ఉంది, దాన్ని వాడుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ, ముద్ర, ఇన్వర్డు నంబరు వేయించుకోండి. “సమావేశంలో ఇస్తే నంబరు ఉండదు” అంటే సోమవారం కార్యాలయానికి వెళ్లి తపాలులో ఇవ్వండి. నెల దాటినా కదలిక లేకపోతే ఆ నంబరు వేసి సమాచార హక్కు చట్టం కింద ఏ చర్య తీసుకున్నారో అడగండి. రుసుము పది రూపాయలకు మించదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నాలుగేళ్ల నాటి అర్జీ తేదీ గుర్తుంటే దాని సంగతీ అందులోనే అడగవచ్చు. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. బడ్జెటు లెక్కలు అంతకు ముందే తయారవుతాయి కాబట్టి మీ కాగితం సంక్రాంతికల్లా లోపల ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: మేము అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇంటి పన్ను కట్టేది యజమాని. ఇలాంటి సమావేశాల్లో మాకు మాట్లాడే హక్కు ఉంటుందా?
– ఒక పాఠకుడు

జవాబు: తప్పకుండా ఉంటుంది బాబూ. ఊరి ప్రజలను అడిగారంటే అందులో మీరూ ఉన్నారు. మురుగు నీళ్లలో నడిచేది మీరే, కుళాయి దగ్గర నిలబడేదీ మీరే. అర్జీలో మీరు ఉంటున్న ఇంటి నంబరు, మీ ఫోను నంబరు రాయండి. తనిఖీకి వచ్చినవారికి తలుపు తీసేది మీరే కదా.